ఎడమ కాలు ప్రైవేటులో, కుడి కాలు ఈఎస్‌ఐలో: వేరికోస్ వీన్స్‌తో నా అనుభవం

2024 ఆగస్టు 18, ఆదివారం రాత్రి. వరలక్ష్మీ వ్రతం శుక్రవారమే అయిపోయినా శ్రావణమాసం రద్దీ తగ్గలేదు. ఆ రోజు కూడా చీరల షాపులో పదకొండు గంటలు నిలబడి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. ఎడమ చీలమండ లోపలివైపు దురద పెడితే గోకాను. వేలికి వెచ్చగా ఏదో తగిలింది. చూస్తే బాత్‌రూమ్ గోడ మీద ఎర్రటి చార. సూదిమొనంత రంధ్రం లోంచి సన్నటి ధార గోడ దాకా కొడుతోంది. నొప్పి ఏమీ లేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

నా కేక విని మా ఆయన పరిగెత్తుకొచ్చి తువ్వాలు తీసి మోకాలి కింద గట్టిగా కట్టేశారు. రక్తం ఆగకపోగా ఇంకా ఎక్కువైంది. పక్కింట్లో నర్సింగ్ చదివే అమ్మాయి వచ్చి ముందు ఆ కట్టు విప్పేసింది. "పడుకోండి ఆంటీ, కాలు పైకెత్తండి" అని నా కాలు కుర్చీ మీద పెట్టించి, మడత పెట్టిన గుడ్డతో రంధ్రం మీద అదిమి పట్టుకుంది. పది నిమిషాల్లో ఆగిపోయింది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. వేరికోస్ వీన్స్ అంటే కాళ్లలో ఉబ్బి మెలికలు తిరిగిన సిరలు. అలాంటి సిర పగిలితే నిలబడకూడదు, కూర్చోకూడదు, పైన బిగించి కట్టకూడదు. పడుకుని, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి, కారుతున్న చోటే అదమాలి. తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి.

నాకు 39 ఏళ్లు. విజయవాడలో 2017 నుంచి అదే షాపులో సేల్స్ పని. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు అప్పుడే పిక్కల మీద నీలంగా మెలికలు కనిపించాయి. కాన్పయ్యాక కొంత తగ్గాయి, షాపులో చేరాక మళ్లీ తేలాయి. చీర కట్టుకుంటాను కాబట్టి ఎవరికీ కనిపించవు. సాయంత్రానికి కాళ్లు రాయిలా బరువెక్కేవి. చెప్పుల పట్టీ అచ్చు పాదం మీద రాత్రి దాకా ఉండేది. ఏడాదిగా ఎడమ చీలమండ దగ్గర చర్మం గోధుమరంగు తిరిగి, గట్టిపడి, దురద పెడుతోంది. గజ్జి మందు రాసుకుంటూ గడిపేశాను.

అది ఏమిటో నాకు తెలియదని చెప్పలేను. అమ్మకి సరిగ్గా అదే చోట పుండు ఉండేది. ఏళ్ల తరబడి మానేది, మళ్లీ పగిలేది. చిన్నప్పుడు స్కూల్ నుంచి వచ్చాక వేపాకు నీళ్లతో అమ్మ కాలు కడిగి, పాత చీర చింపి కట్టు కట్టే పని నాదే. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. నా చర్మం నల్లబడినప్పుడల్లా ఆ వాసనే గుర్తొచ్చి చీర అంచు కిందికి లాక్కునేదాన్ని.

ఆగస్టు 20న ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. నొప్పి లేకుండా లేజర్, అదే రోజు ఇంటికి అని ప్రకటన చూసి వెళ్లాం. పడుకోబెట్టి ఐదు నిమిషాలు స్కాన్ చేశారు. డాక్టరుగారు రెండు నిమిషాలు మాట్లాడి పక్క గదికి పంపారు. అక్కడున్న అమ్మాయి రెండు కాళ్లకీ కలిపి 1,70,000 అని కాగితం మీద రాసి, ఈ రోజే అడ్వాన్స్ కడితే 20 వేలు తగ్గిస్తామంది. ఆ 20 వేలు పోతాయేమోనని మా ఆయనకి టెన్షన్. నాకు మాత్రం ఆ తొందర నచ్చలేదు. ఆలోచించుకుని వస్తామని చెప్పి బయటపడ్డాం.

ఆగస్టు 27న రక్తనాళాల సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఇక్కడ నిలబెట్టి, సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపించే డాప్లర్ స్కాన్ చేశారు. ఒక కాలి మీద బరువు వేసి, రెండో కాలు కొంచెం బయటికి తిప్పి, రాడ్ పట్టుకుని నిలబడాలి. గజ్జల నుంచి చీలమండ దాకా జెల్ రాస్తూ, పిక్కని పిండుతూ, వదులుతూ చూశారు. రెండు కాళ్లకీ కలిపి 40 నిమిషాలు పట్టింది. పిక్క నొక్కినప్పుడు తెర మీద నీలం రంగు, వదలగానే ఎరుపు. "ఈ ఎరుపు అర సెకను లోపు ఆగిపోవాలమ్మా, నీకు నాలుగు సెకన్లు దాటుతోంది" అన్నారు స్కాన్ చేసిన మేడమ్. పడుకుంటే రక్తం వెనక్కి జారడం సరిగ్గా తెలియదట. అందుకే నిలబెట్టి చేయాలట. అంతకుముందు వారం ఐదు నిమిషాల స్కాన్ చూసి లక్షన్నర కట్టబోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

సర్జన్ ఓపిగ్గా చెప్పారు. మనమంతా నరాలు ఉబ్బాయంటాం గానీ ఇవి నరాలు కావు, కాళ్ల నుంచి రక్తాన్ని గుండెకి తీసుకెళ్లే సిరలు. వాటిలో ఒకవైపే తెరుచుకునే తలుపుల్లాంటి కవాటాలుంటాయి. గజ్జల దగ్గర పెద్ద సిర లోతైన సిరతో కలిసే చోట ఆ తలుపు పాడైతే రక్తం కిందికి జారి చీలమండ దగ్గర నిలవ ఉంటుంది. చర్మం నల్లబడేది, పుండు పడేది అందుకే. లోతు సిరల్లో గడ్డలు లేవని స్కాన్‌లో తేలింది కాబట్టి పాడైన పై సిరని మూసేసినా, తీసేసినా రక్తానికి వేరే దారులున్నాయి.

దారులు ఏమేం ఉన్నాయని అడిగాను. బిగుతు మేజోళ్లు వేసుకుంటే బాధ తగ్గుతుంది గానీ తలుపు బాగుపడదు. లేజర్‌తో గానీ రేడియో తరంగాల వేడితో గానీ సిరని లోపల్నుంచి కాల్చి మూసేయొచ్చు. జిగురుతో అంటించే పద్ధతికి ఒక్క కాలికే లక్షన్నర పైన అవుతుందన్నారు. చిన్న సిరలకి నురుగు ఇంజెక్షన్లున్నాయి. పాత పద్ధతిలో కోసి, ముడివేసి, లాగేసే ఆపరేషన్ ఉండనే ఉంది. "ఎడమ కాలు రక్తం కారింది, చర్మం మారింది, అది ఆగకూడదు. కుడి కాలు మేజోడుతో కొన్నాళ్లు ఆగొచ్చు. డబ్బు ఇబ్బందైతే ప్రభుత్వాసుపత్రిలో పాత ఆపరేషన్ చేస్తారు, అదీ మంచిదే" అన్నారు. రెండు కాళ్లూ ఒకేసారి చేయించుకోమని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది అందుకే.

ఎడమ కాలికి లేజర్ చేయడానికి సెప్టెంబరు 5కి డేట్ ఇచ్చారు. ఆగస్టు 31 వాన, మర్నాడు బుడమేరు వరద విజయవాడలో ఎవరం మర్చిపోం. మా ఇల్లు కొండ మీద, 114 మెట్లు ఎక్కాలి. నీళ్లు రాలేదు గానీ మొగల్‌రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయని తెలిసి ఆ రాత్రి మా వరసలో ఎవరూ పడుకోలేదు. సింగ్‌నగర్‌లో మునిగిపోయిన మా ఆడపడుచు కుటుంబం మా ఇంటికే వచ్చింది. రెండు గదుల్లో తొమ్మిది మందిమి. గాయం మానని కాలుతో వరద నీళ్లలో దిగొద్దని సర్జన్ ఫోన్‌లో గట్టిగా చెప్పారు. డేట్ సెప్టెంబరు 19కి మారింది.

ఈలోగా డబ్బు. గాజులు తాకట్టు పెడితే 55 వేలొచ్చాయి. డ్వాక్రా సంఘంలో 35 వేలు అప్పు తీసుకున్నాను. నా జీతం నెలకి 14 వేలు.

19న పొద్దున ఏడింటికి చేరాం. ముందు నిలబెట్టి మార్కర్‌తో సిరలన్నీ గీశారు. లేజర్ అసలు నొప్పే ఉండదని ప్రకటనల్లో అంటారు, అది పూర్తి నిజం కాదు. మోకాలి దగ్గర సిరలోకి సన్నటి తీగ పంపేటప్పుడు పెద్దగా తెలియలేదు. ఆ తర్వాత తొడ పొడవునా పది పన్నెండు చోట్ల సూది గుచ్చి, మత్తుమందు కలిపిన చల్లటి సెలైన్ ఎక్కిస్తారు. సిర చుట్టూ నీటి పొర ఉంటే వేడి పక్కకి పాకదట. ఆ సూదులు నొప్పే. కళ్లు గట్టిగా మూసుకుని సిస్టర్ చేయి పట్టుకున్నాను. ఆ తర్వాత లేజర్ పెట్టినప్పుడు మాత్రం నిజంగానే నొప్పి లేదు. పిక్క మీది మెలికల్ని బియ్యపు గింజంత కోతలు పెట్టి కొక్కెంతో బయటికి లాగారు. మొత్తం గంటా పది నిమిషాలు. బల్ల దిగగానే మేజోడు తొడిగి, "అరగంట నడవమ్మా, కూర్చోవద్దు" అన్నారు. వరండాలో అటూ ఇటూ నడిచాను. సాయంత్రం నాలుగున్నరకి ఇంటికి బయల్దేరాం. 114 మెట్లు ఎలా అని భయపడుతూ అడిగితే, ఎక్కితేనే మంచిదన్నారు. ఆగి ఆగి ఎక్కాను.

ఖర్చు ఇలా తేలింది. డాప్లర్ 2,200, రక్త పరీక్షలు, ఈసీజీ 1,900, ప్యాకేజీ 78,000. మేజోళ్లు, మందులు ప్యాకేజీలోనే అనుకున్నాను. కావు. తొడ దాకా వచ్చే రెండో గ్రేడు మేజోడు జత 3,200, మందులు 2,700. మొత్తం 88,000. పనికి వెళ్లని తొమ్మిది రోజుల జీతం షాపులో కోసేశారు.

మేజోడు గురించి ఎవరూ చెప్పని మాట ఒకటుంది. మొదటి వారం రాత్రీ పగలూ ఉంచమన్నారు, తర్వాత ఆరు వారాలు పగలు మాత్రమే. పొద్దున మంచం దిగక ముందే తొడుక్కోవాలి, లేచి తిరిగితే కాలు ఉబ్బి ఎక్కదు. మొదటిసారి సొంతంగా తొడుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టి ఏడుపొచ్చింది. అంట్లు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుంటే పట్టు దొరుకుతుంది. పాదానికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి దాని మీదుగా మేజోడు లాగి, వేళ్ల దగ్గర ఖాళీ లోంచి కవరు బయటికి లాగేస్తే మూడు నిమిషాల పని.

ఎనిమిదో రోజు నుంచి తొడలో తీగ బిగించి లాగుతున్నట్టు అనిపించింది. గడ్డ కట్టిందేమోనని వణికిపోయాను. వారం తర్వాతి స్కాన్ అప్పటికే అయిపోయింది, బాగానే ఉందన్నారు. అయినా ఫోన్ చేశాను. మూసుకున్న సిర గట్టిపడేటప్పుడు అలాగే ఉంటుందని, పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే రమ్మని చెప్పారు. మూడు వారాలకి ఆ లాగుడు పోయింది. దసరా సీజన్‌కి కౌంటర్‌లో ఉన్నాను. ఎడమ కాలు తేలికైంది. అప్పుడే కుడి కాలు ఎంత బరువుగా ఉంటోందో కొత్తగా తెలిసింది.

నవంబరులో ఒకరోజు షాపులో భోజనాల దగ్గర కుడి కాలికి ఇంకో 80 వేలు ఎక్కడ తేవాలని అంటుంటే, లెక్కలు చూసే అన్నయ్య "ఈఎస్‌ఐ ఉందిగా, ఎందుకు వాడుకోలేదమ్మా?" అని అడిగారు. జీతం చీటీ తీసి చూపించారు. ఈఎస్‌ఐ, 105 రూపాయలు. పద్నాలుగు వేలలో 0.75 శాతం. షాపు వాళ్లు 3.25 శాతం వేరే కడతారు. 21 వేల లోపు జీతం ఉన్న ఉద్యోగులకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇది. 2018 నుంచి నెలనెలా నా జీతంలో పడుతున్న కోత అది. అదేదో పన్ను అనుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తాకట్టులో ఉన్న గాజుల గురించి కాదు. ఆధారపడి బతికే తల్లిదండ్రులకి కూడా ఈఎస్‌ఐ కార్డు మీద వైద్యం ఉంటుందని ఆ అన్నయ్య మాటల్లో తెలిసింది. అమ్మ వితంతు పింఛనుతో మా దగ్గరే ఉండేది. 2021లో పోయింది. మూడేళ్లు ఆ కార్డు నా బీరువాలో ఉంది, ఆ పుండుతోనే అమ్మ నా కళ్ల ముందు ఉంది.

నవంబరు 18, సోమవారం. కార్డు ప్రింటు, ఆధార్, పాత స్కాన్ రిపోర్టు తీసుకుని ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లాను. నా వేలిముద్ర, నంబరు చూసి పుస్తకం తెరిచారు. డాక్టరమ్మ కాలు చూసి ఈఎస్‌ఐ ఆసుపత్రికి రిఫరల్ రాశారు. ఎడమ కాలి ఖర్చు తిరిగొస్తుందా అని అడిగాను. రిఫరల్ లేకుండా సొంతంగా వెళ్లి చేయించుకున్నదానికి రాదన్నారు.

21న ఆసుపత్రి ఓపీ. సర్జన్ నన్ను నిలబెట్టి, పిక్క తట్టి, గజ్జల దగ్గర వేలు పెట్టి చూశారు. రిపోర్టు పాతబడింది కాబట్టి మళ్లీ డాప్లర్ చేయాలన్నారు. డిసెంబరు 9న స్కాన్, 12న మళ్లీ సర్జన్. అక్కడ లేజర్ లేదని, పాత ఆపరేషన్ చేస్తామని ఆయన ముందే చెప్పారు. తిరగబెడుతుందా అని అడిగితే, "ఏ పద్ధతిలోనైనా కొందరికి కొన్నేళ్లకి వేరే సిరలు ఉబ్బుతాయమ్మా, అది నీకు లేజర్‌లోనూ ఉంది" అన్నారు. మత్తు డాక్టరు పరీక్షలు జనవరి మొదటి వారంలో అయ్యాయి. పండగ తర్వాత చేరమన్నారు. మొదటి రోజు నుంచి ఆపరేషన్ దాకా 66 రోజులు. ఎడమ కాలికి వరద కలుపుకుని 32. కుడి కాలు ఆగగలిగే కాలు కాబట్టి ఆగగలిగాను. అదే రక్తం కారిన కాలైతే ఆ రెండు నెలలూ ఎలా గడిచేవో చెప్పలేను.

జనవరి 21న చేరాను. వార్డులో మా అత్తయ్య తోడు. 23న పొద్దున ఒక చిన్న డాక్టరు నన్ను స్టూలు మీద నిలబెట్టి, తను నేల మీద మోకాళ్లూని కూర్చుని, మార్కర్‌తో గంట సేపు గీశాడు. ఒక్కో మెలిక వేలితో తడిమి, గీసి, మళ్లీ తడిమి. "ఇది వదిలేస్తే తర్వాత మీకు ఇదే ఉబ్బుతుందమ్మా" అంటూ మడమ దాకా వచ్చాడు. మా అబ్బాయి కంటే పదేళ్లు పెద్దవాడేమో. అంత శ్రద్ధగా నా కాలిని అంతవరకు ఎవరూ చూడలేదు.

వెన్నులో మత్తు ఇచ్చారు. నడుము కింద శరీరం నాది కానట్టు అయిపోయింది. గజ్జల్లో కోసి సిరని ముడివేసి, మోకాలి కింది దాకా లాగేశారట. లాగినప్పుడు ఒళ్లంతా కదిలింది గానీ నొప్పి లేదు. నొప్పి సాయంత్రం మొదలైంది. ఆరు గంటలు తల ఎత్తకుండా వెల్లకిలా పడుకోవాలి. మూత్రం రాక చాలా ఇబ్బంది పడ్డాను, రాత్రి పదింటికి వచ్చింది. గజ్జల కోత ఎడమ కాలి సూదుల కంటే చాలా ఎక్కువ బాధ పెట్టింది. నాలుగైదు రోజులు దగ్గినా, నవ్వినా అక్కడ చేయి పెట్టుకోవాల్సి వచ్చేది. తొడ లోపలంతా వంకాయ రంగులో కమిలిపోయింది. 25న ఇంటికి పంపారు. ఆ రోజు 114 మెట్లు ఎక్కడానికి ముప్పావుగంట పట్టింది. ఫిబ్రవరి 3న కుట్లు తీశారు. మోకాలి కింద లోపలివైపు అరచేయంత మేర స్పర్శ పోయింది. లాగేటప్పుడు పక్కనున్న సన్నటి నరం తగిలితే అలా అవుతుందట, కొన్ని నెలల్లో తగ్గొచ్చన్నారు. ఇప్పటికి సగం తగ్గింది.

ఆపరేషన్‌కి, మందులకి, వార్డుకి ఒక్క రూపాయి కట్టలేదు. కొత్త మేజోడు బయట కొన్నాను. ఆటోలు, అత్తయ్య భోజనాలతో కలిపి 5,400 అయింది. సెలవు 28 రోజులు. డిస్పెన్సరీ డాక్టరమ్మ సర్టిఫికెట్ ఇస్తే ఈఎస్‌ఐ నుంచి జీతంలో 70 శాతం వస్తుంది, మొదటి రెండు రోజులకి తప్ప. అలా సుమారు ఎనిమిదిన్నర వేలు మార్చిలో నా ఖాతాలో పడ్డాయి. సెప్టెంబరులో తొమ్మిది రోజులకే జీతం పోయిన నాకు అది చిన్న మొత్తం కాదు. సర్టిఫికెట్లు తేదీలు తెగకుండా ఉండాలి, ప్రతిసారీ వెళ్లి తీసుకోవాలి. మా ఆయన రెండుసార్లు పని మానుకుని వచ్చారు.

రెండు కాళ్లూ ఇప్పుడు తేలికగా ఉన్నాయి. ఏది మంచిదని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. కోలుకోవడంలో లేజర్ చాలా సులువు, అబద్ధం చెప్పను. కానీ ఆ సులువు కోసం పెట్టిన గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. రక్తం కారినా, పుండు పడినా ఆలస్యం చేయకండి. అంత ముంచుకు రాకపోతే ముందు జీతం చీటీ చూసుకోండి, ఎక్కడికి వెళ్లినా నిలబెట్టి చేసిన స్కాన్ చూశాకే మాట ఇవ్వండి. సొంతంగా ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్లు కూడా పాలసీ కాగితం చదవాలి. చాలా పాలసీల్లో వేరికోస్ వీన్స్‌కి రెండేళ్లు ఆగాలని ఉంటుంది. మా మరిది పాలసీలో అలాగే ఉంది.

ఎడమ చీలమండ దగ్గర నల్లటి మచ్చ అలాగే ఉంది. అది పూర్తిగా పోదన్నారు. దురద మాత్రం లేదు.

షాపులో కౌంటర్ వెనక ఒక స్టూలు అడిగాను. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కుని చట్టంలో పెట్టాయని లెక్కల అన్నయ్య చెప్పారు. మా ఓనర్‌గారు ఆలోచిస్తామన్నారు. ప్రస్తుతానికి బేరాలు లేనప్పుడు మడమలు ఎత్తి దించుతూ నిలబడుతున్నాను, పిక్క పనిచేస్తే రక్తం పైకి పోతుందని సర్జన్ నేర్పారు.

నిన్న పట్టుచీరల కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి స్టోర్ రూమ్‌లోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, చీర కుచ్చిళ్లు పైకెత్తింది. కుడి చీలమండ లోపలివైపు గోధుమరంగు మచ్చ, రూపాయి బిళ్లంత. "ఇదేనా అక్కా?" అంది. తన జీతం చీటీ తెమ్మన్నాను. వచ్చే సోమవారం ఇద్దరం గంట లేటుగా వస్తామని చెప్పి డిస్పెన్సరీకి వెళ్తున్నాం.